1974 రైల్వే సమ్మె – ట్రంకు పెట్టెలో మిగిలిన కాగితాలు



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాసివ్వమని మన కార్యదర్శిగారు అడిగినప్పుడు, "అయ్యా, నేను చరిత్రకారుణ్ణి కాను. ఎల్.డి.సి.గా చేరి ముప్ఫై ఏడేళ్లు ఫైళ్లు మోసి సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయినవాణ్ణి" అన్నాను. "ఆ ఫైళ్ల సంగతే రాయండి" అన్నారాయన. ఆ మాట పట్టుకుని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. నా వయస్సు 75. ఇప్పుడు రాయకపోతే ఇక రాయను.

రెవెన్యూ శాఖలో పనిచేసిన మిత్రులకు డిస్పోజల్ నంబర్ల సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. వారి పిల్లల కోసం చెబుతాను. ఒక ఫైలు మీద చర్య ముగిశాక దానిమీద ఒక గుర్తు వేస్తాం. ఆర్.డిస్. అంటే శాశ్వతంగా ఉంచవలసినది. డి.డిస్. అంటే పదేళ్లు ఉంచి ఆపైన తగలబెట్టవలసినది. ఎల్.డిస్. అంటే కొద్దికాలం గడిస్తే చాలు, రికార్డు రూములో చోటు ఖాళీ చేయవలసినది. ఫలానా గుర్తు వేద్దామని రాసేది సెక్షను గుమాస్తా. సంతకం చేసే అధికారి సాధారణంగా కాదనడు. అంటే ఏ కాగితం ఎంతకాలం బతకాలో చాలావరకు మనబోటివాళ్లే నిర్ణయించారన్నమాట. ఆ పని చేస్తున్నప్పుడు మనం చరిత్రను ఉంచుతున్నామనో, తగలబెడుతున్నామనో ఎప్పుడూ అనుకోలేదు.

1974 మే నెలలో దేశమంతటా జరిగిన రైల్వే సమ్మె గురించి రాయాలనుకున్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చినది ఈ ఎల్.డిస్. గుర్తే. ఎందుకో చివరకు చెబుతాను.

సమ్మె ఎందుకు వచ్చింది?

1972లో వానలు లేవు. 1973 చివర చమురు ధర ఒక్కసారిగా పెరిగింది. 1974లో ధరలు ఏడాదికి ఇరవై శాతానికి పైగా పెరిగాయి. మూడవ పే కమిషన్ 1973లో కనీస జీతం 185 రూపాయలని సిఫారసు చేస్తే, ప్రభుత్వం దాన్ని 196 చేసింది. ఆ జీతంతో నలుగురున్న సంసారం ఎలా నడిచేదో ఆనాటి గృహిణులకు బాగా తెలుసు.

రైల్వేవారికి ఇంకో బాధ, పనిగంటలు. ఫ్యాక్టరీ కార్మికుడికి ఎనిమిది గంటల పని అన్నది ఎప్పుడో చట్టమైంది. రైల్వేలో మాత్రం ఉద్యోగాలను తరగతులుగా విడదీశారు. రోజుకు నాలుగు బళ్లు వచ్చే చిన్న స్టేషనులో పాయింట్స్‌మన్ మధ్యమధ్య ఖాళీగా ఉంటాడు గనుక పన్నెండు గంటలు డ్యూటీ చేయవచ్చునని లెక్క. ఖాళీగా ఉన్నా స్టేషను వదిలి పోరాదు, నిద్ర పోరాదు. ఇంజను నడిపేవారి సంగతి మరీ దారుణం. బండి ఎప్పుడు గమ్యం చేరితే అప్పుడే డ్యూటీ దిగడం. 1973లో లోకో రన్నింగ్ స్టాఫ్ సమ్మె చేసి, పది గంటలకు మించకూడదన్న ఒప్పందం ఆ ఆగస్టులో తెచ్చుకున్నారు. ఒప్పందం కాగితం మీద ఉంది గాని అమలు నత్తనడక నడిచింది.

మూడవది బోనసు. 1965 బోనసు చట్టం ప్రభుత్వ శాఖలకు వర్తించేది కాదు. ప్రభుత్వ రంగ ఫ్యాక్టరీలలో పనిచేసేవారికి 1972లో కనీస బోనసు 4 శాతం నుంచి 8.33 శాతానికి, అంటే ఒక నెల జీతానికి పెరిగింది. రైలు పెట్టెలు తయారు చేసేవాడికో, ఉక్కు పోసేవాడికో బోనసు ఉండి, ఆ ఉక్కును మోసుకుపోయే బండి నడిపేవాడికి ఎందుకు ఉండకూడదన్నది వారి ప్రశ్న.

1973 చివర జార్జి ఫెర్నాండెజ్ ఆలిండియా రైల్వేమెన్స్ ఫెడరేషన్ అధ్యక్షుడయ్యారు. 1974 ఫిబ్రవరి 27న అనేక సంఘాలు కలిసి జాతీయ సమన్వయ సంఘంగా ఏర్పడ్డాయి. కాంగ్రెసు అనుబంధ ఫెడరేషను మాత్రం కలవలేదు. ఏప్రిల్ 23న సమ్మె నోటీసు ఇచ్చారు. మే 8 ఉదయం ఆరు గంటలకు సమ్మె మొదలు. రైల్వే మంత్రి లలిత్ నారాయణ్ మిశ్రాతో చర్చలు సాగుతూ ఉండగానే మే 2 తెల్లవారుజామున ఫెర్నాండెజ్‌ను లక్నోలో అరెస్టు చేశారు. 1971 యుద్ధకాలపు అత్యవసర పరిస్థితి ఇంకా అమలులోనే ఉంది గనుక భారత రక్షణ నిబంధనల కింద సమ్మె చట్టవిరుద్ధమన్నారు. మీసా చట్టం కింద నాయకులను నిర్బంధించారు.

ప్రభుత్వ వాదనా చెప్పాలి. సుమారు 17 లక్షల మందికి జీతాలు పెంచితే ఖజానా తట్టుకోలేదనీ, ధరలు ఇంకా పెరుగుతాయనీ, బొగ్గూ ధాన్యమూ ఆగితే దేశం స్తంభిస్తుందనీ అన్నారు. అందులో నిజం లేకపోలేదు. అయితే ప్రభుత్వం సమ్మెను ఎదుర్కొన్న తీరు ఆ వాదన కంటే చాలా కఠినంగా ఉంది. వేలాదిమందిని జైళ్లలో పెట్టారు. క్వార్టర్లు ఖాళీ చేయించారు. విచారణ లేకుండా డిస్మిస్ చేశారు. మే 18న పోఖ్రాన్‌లో అణుపరీక్ష జరగడంతో పత్రికల మొదటి పేజీలు అటు తిరిగిపోయాయి. మే 27న సమ్మె విరమిస్తున్నట్టు ప్రకటించారు. ఇరవై రోజుల సమ్మె ఏ ఒప్పందమూ లేకుండా ముగిసింది.

మన ప్రాంతంలో

అప్పటికి గుంటూరు డివిజను లేదు. అది 2003 ఏప్రిల్‌లో వచ్చింది. సికిందరాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబరు 2న పుట్టింది. తెనాలి, బాపట్ల, చీరాల, ఒంగోలు మీదుగా మద్రాసు మెయిన్ లైను ఒకటి. గుంటూరు నుంచి నరసరావుపేట, వినుకొండ, దొనకొండ, మార్కాపురం, కంభం, గిద్దలూరు మీదుగా గుంతకల్లు పోయే మీటర్‌గేజి లైను ఇంకొకటి. మన మిర్చి, పత్తి, పొగాకు బయటి ప్రపంచానికి పోవాలంటే ఎక్కువగా ఈ రెండు దారులే. లారీలు ఇప్పటంత విరివిగా లేవు. ఆ మే నెలలో గూడ్సు షెడ్డు ముందు టార్పాలిన్ల కింద మిర్చి బస్తాలు పేరుకుపోవడం నేను కళ్లారా చూశాను. ఆ దారిన పోయేవారు ముక్కుకు పైపంచె అడ్డం పెట్టుకుని తుమ్ముకుంటూ పోయేవారు. రైతు ఒకవంక సమ్మెను తిడుతూ, రెండో వంక, "పాపం, వాళ్లకూ పిల్లాజెల్లా ఉన్నారు గదా" అనేవాడు.

మాకు, అంటే ఎన్‌జీవోలకు, సమ్మె రుచి అప్పటికే తెలుసు. 1972 డిసెంబరు నుంచి 1973 మార్చి దాకా జై ఆంధ్ర ఉద్యమంలో ఆఫీసులు మానుకుని జీతాల్లేకుండా కూర్చున్నవాళ్లం. కిరాణా కొట్టులో అప్పు పుట్టని రోజులు చూశాం. అందుచేత రైల్వేవారి మీద మాకు జాలి ఉండాలి. ఉంది కూడా. కాని జాలి వేరు, కొలువు వేరు.

మా బావ, అంటే మా పెద్దక్కయ్య భర్త, ఆ మీటర్‌గేజి లైనులో ఒక చిన్న స్టేషనులో పాయింట్స్‌మన్. 1960 జూన్‌లో ఉద్యోగంలో చేరాడు. చేరిన నెలకే ఆ జూలైలో కేంద్ర ప్రభుత్వోద్యోగుల అయిదు రోజుల సమ్మె జరిగింది. కొత్తవాడు గనుక దాని జోలికి పోలేదు. 1974లో మాత్రం నిలబడ్డాడు. పెద్ద నాయకుడేమీ కాడు. కరపత్రాలు పంచాడు, రాత్రివేళ నలుగురిని కూర్చోబెట్టి చదివి వినిపించాడు, అంతే.

నేను అప్పుడు ఒక తాలూకా ఆఫీసులో గుమాస్తాను. నాకు 24 ఏళ్లు. కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ఆ ఏప్రిల్ 1నే అమలులోకి వచ్చింది. తహసిల్దార్లు ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్లు. మే మొదటి వారంలో ఒక సాయంత్రం, ముందుజాగ్రత్తగా అదుపులోకి తీసుకోవలసినవారి పేర్ల జాబితా ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. ఫేర్ కాపీ రాసి, డిస్పాచ్ నంబరు వేసి, ఆ రాత్రే పంపాలి. నా దస్తూరీ బాగుంటుందని అటువంటివి నాకే ఇచ్చేవారు. అందులో ఏడో పేరు మా బావది.

రాశాను. నంబరు వేశాను. సీలు వేసి ప్యూనుకు ఇచ్చాను. సైకిలు మీద గంటన్నర ప్రయాణం ఆ స్టేషను. వెళ్లి ఒక్క మాట చెప్పి ఉంటే బావ ఆ రాత్రి ఇంకెక్కడైనా తలదాచుకునేవాడు. వెళ్లలేదు. ఆఫీసు రహస్యం బయటపెట్టరాదన్న ప్రవర్తనా నియమావళి గుర్తొచ్చిందని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే భయం. ఉద్యోగం పోతుందన్న భయం.

బావను తెల్లవారకముందే తీసుకుపోయారు. వారం తిరక్కుండా క్వార్టరు ఖాళీ చేయమన్న నోటీసు వచ్చింది. అక్కయ్య ఇద్దరు పిల్లలతో, రెండు ట్రంకు పెట్టెలతో మా ఇంటికి వచ్చింది. "ఒరేయ్ తమ్ముడూ, మీ ఆఫీసులో నీకేమన్నా తెలిసిందటరా?" అని అడిగింది. తెలియదన్నాను.

ఆ మూడేళ్లు

బావను విచారణ లేకుండా ఉద్యోగం నుంచి తొలగించారు. రైల్వే సర్వెంట్ల క్రమశిక్షణ నియమావళిలో 14(ii) అనే నిబంధన ఉంది. విచారణ జరపడం సాధ్యం కాదని అధికారి భావించి కారణం రాస్తే విచారణ అక్కరలేదు. రాజ్యాంగం 311వ అధికరణలోని మినహాయింపే దీనికి మూలం. ఆ ఉత్తర్వు టైపు కాగితం మీద ఆరేడు పంక్తులు. పద్నాలుగేళ్ల సర్వీసు ఆ ఆరేడు పంక్తుల్లో పోయింది.

జైలు నుంచి వచ్చాక బావ ఒక జిన్నింగ్ మిల్లులో పత్తి బోరాలు తూచే పనికి కుదిరాడు. సీజను అయిపోతే అదీ లేదు. అక్కయ్య మిర్చి కొట్లలో తొడిమలు తీయడానికి వెళ్లేది. సాయంత్రానికి చేతులు మండిపోయేవి. ఆ చేతులతో చంటిపిల్లను ఎత్తుకోలేకపోయేది. రైల్వే ఉద్యోగి భార్యగా పాసు మీద తిరుపతి వెళ్లొచ్చిన మనిషి ఆమె.

1977 మార్చిలో జనతా ప్రభుత్వం వచ్చింది. మధు దండావతే రైల్వే మంత్రి అయ్యారు. సమ్మెలో తొలగించినవారిని తిరిగి తీసుకున్నారు, సర్వీసు బ్రేకును మాఫీ చేశారు. బోనసు కోరిక కూడా తరువాత నెరవేరింది. ఉత్పాదకతతో ముడిపెట్టిన బోనసు 1979లో రైల్వేవారికి వచ్చింది. సమ్మె ఓడిపోయిందన్నది నిజమే గాని, అది అడిగినవాటిలో కొన్ని అయిదేళ్లలో చేతికి వచ్చాయన్నదీ నిజమే.

ఒక్క కాగితం విలువ

మనం పెన్షనర్లం గనుక ఇక్కడ కాస్త లెక్క చెప్పుకుందాం. బావ 1996లో 58వ ఏట రిటైరయ్యాడు. ఆనాటి నియమాల ప్రకారం 33 సంవత్సరాల అర్హత సర్వీసు ఉంటేనే పూర్తి పెన్షను, అంటే చివరి పది నెలల సగటు జీతంలో సగం. బావకు సమ్మెకు ముందు 14 ఏళ్లు, తిరిగి చేరాక 19 ఏళ్లు. మధ్యలో మూడేళ్లు వదిలేసినా సరిగ్గా 33. కాని పెన్షను కాగితాలు తయారు చేసేటప్పుడు సర్వీసు రిజిస్టరులో 1974 తొలగింపు ఎర్ర సిరాతో ఉంది గాని, బ్రేకు మాఫీ చేసిన ఉత్తర్వు ఎక్కించలేదు. ఫైలు కోసం వెదికితే దొరకలేదన్నారు. మాఫీ లేకపోతే ముందటి 14 ఏళ్లూ రద్దు. మిగిలేది 19. పెన్షను 33కు 19 వంతులు, రమారమి సగం పైచిలుకు.

బావ నోట మాట రాలేదు. అక్కయ్య లోపలికి వెళ్లి, క్వార్టరు నుంచి తెచ్చుకున్న ట్రంకు పెట్టెల్లో ఒకటి తెరిచింది. చీరల అడుగున ఒక గుడ్డసంచీ. అందులో సమ్మె కరపత్రాలు నాలుగు, క్వార్టరు ఖాళీ చేయమన్న సైక్లోస్టైల్ నోటీసు, తొలగింపు ఉత్తర్వు, జైలు నుంచి బావ రాసిన ఇన్‌లాండు ఉత్తరాలు పదకొండు, నేను బావ తరఫున రాసిపెట్టిన అర్జీల నకళ్లు ఉన్నాయి. వాటి మధ్యన 1977 నాటి పునర్నియామకం, మాఫీ ఉత్తర్వు కాపీ, ఆఫీసు ముద్రతో సహా భద్రంగా ఉంది. దాన్ని జతచేసి అర్జీ పెట్టాం. ఎనిమిది నెలలు పట్టింది గాని పూర్తి పెన్షను మంజూరైంది. బావ పోయాక ఫ్యామిలీ పెన్షను అక్కయ్యకు వచ్చింది.

అక్కయ్యకు చదువు అయిదో తరగతి. కాని ఏ కాగితం ఆర్.డిస్. చేయాలో ఆమెకు తెలిసినంతగా ఆ ఆఫీసుకు తెలియలేదు.

గిరిగారు, వారి పేరిట భాండాగారం

ఈ సమ్మె కథలో తెలుగువారికి ప్రత్యేకంగా తట్టే విషయం ఒకటుంది. 1974 మే నెలలో రాష్ట్రపతి భవనంలో ఉన్నది మన వరాహగిరి వెంకటగిరిగారు. 1894లో బరంపురంలో పుట్టి, బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘం నడిపి, ఆలిండియా రైల్వేమెన్స్ ఫెడరేషన్ స్థాపకులలో ఒకరై, 1954లో బ్యాంకు ఉద్యోగుల అవార్డు విషయంలో విభేదించి కేంద్ర కార్మిక మంత్రి పదవిని వదులుకున్న మనిషి ఆయన. తాను పెంచిన ఫెడరేషనువారే లక్షలుగా సమ్మెకు దిగినప్పుడు, ఆయన దేశాధినేతగా రాజ్యాంగానికి కట్టుబడి ఉండవలసి వచ్చింది. మనసులో ఏమనుకున్నారో! కొలువులో ఉన్నవాడికి నోరు కట్టుబడిపోవడం అంటే ఏమిటో, అతి చిన్న మోతాదులో నాకూ తెలుసు. అయితే ఆయనది పదవి విధించిన మౌనం, నాది పిరికితనం. రెండింటికీ పోలిక లేదు.

ఆ ఏడాదే జాతీయ కార్మిక సంస్థ ఏర్పడింది. 1995లో దానికి గిరిగారి పేరు పెట్టారు. నోయిడాలో ఉన్న ఆ సంస్థలో, కార్మిక చరిత్రకారుల సంఘంతో కలిసి, 1998లో భారత కార్మిక పత్రాల భాండాగారం ప్రారంభించారు. 1974 రైల్వే సమ్మె పత్రాలకు అక్కడ చోటు దొరికింది. రాష్ట్రపతిగా గిరిగారు మాట్లాడలేని విషయం మీద, ఆయన పేరున్న సంస్థలో కాగితాలు మాట్లాడుతున్నాయి.

ఇంగ్లండులో 1926 మే 4 నుంచి 12 దాకా తొమ్మిది రోజుల సార్వత్రిక సమ్మె జరిగింది. ప్రభుత్వం తరఫున చర్చిల్ ఒక పత్రిక నడిపితే, కార్మిక సంఘాలవారు ఇంకొకటి నడిపారు. ఆ సంఘాల కాగితాలు వారిక్ విశ్వవిద్యాలయంలో ఈనాటికీ భద్రంగా ఉన్నాయి. ప్రభుత్వ కాగితాలు ప్రభుత్వం దగ్గర ఉన్నాయి. రెండు పక్షాలనూ చదివి ఎవరికి వారు తీర్పు చెప్పుకోవచ్చు. మన దగ్గర ఆఫీసు పక్షం కాగితం చాలావరకు డి.డిస్., ఎల్.డిస్. అయి బూడిదైంది. ఇంటి పక్షం కాగితం పాత పేపర్లవాడి తక్కెడలోకి పోతున్నది.

నా మనవి

నేను రాసిన ఆ జాబితా సంగతి చెబుతానన్నాను గదా. దానికి ఎల్.డిస్. గుర్తు వేయవచ్చునని మరుసటి ఏడాది నోట్ రాసింది కూడా నేనే. అది ఎప్పుడో తగలబడింది. నా దస్తూరీకి ఇక సాక్ష్యం లేదు. నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. అక్కయ్యకు ఆమె 80వ ఏట చెప్పాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తరువాత, "నాకు అప్పుడే తెలుసులేరా. తెలియదని చెప్పేటప్పుడు నువ్వు నా మొహం చూడలేదు" అంది. ఇంకేమీ అనలేదు. కాఫీ ఇచ్చింది.

అందుకే ఈ వ్యాసం. కాగితం కాలిపోయినప్పుడు మనిషైనా చెప్పాలి.

మిత్రులారా, మీ ఇళ్లలో కూడా ఇటువంటి ట్రంకు పెట్టెలు ఉండి ఉంటాయి. 1960 సమ్మెవి, 1972–73 ఎన్‌జీవో సమ్మెవి, 1974వి. సస్పెన్షను ఉత్తర్వులు, కరపత్రాలు, చందా రసీదులు, ఊరు వదిలి ఉన్నప్పుడు రాసుకున్న ఉత్తరాలు ఉంటాయి. వాటిని పిల్లలు చెత్త అనుకుని తీసేయకముందే ఒకసారి తీసి చూడండి. చెద పట్టకుండా వేపాకు వేసి ఉంచండి. ఏ కాగితం ఎవరిది, ఏ సంవత్సరానిది అన్నది వెనక పెన్సిలుతో రాయండి. ఒక జిరాక్సు తీయించి పిల్లల దగ్గర ఉంచండి, సెల్‌ఫోనులో ఫోటో అయినా తీయమనండి. ఇవ్వదలచినవారు భాండాగారాలకు ఇవ్వవచ్చు. ఆనాటి వార్తలు చదువుకోవాలనుకునేవారికి మన పక్కనే వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది. 1918లో పుట్టి, పాత పత్రికలను కాపాడడంలో పేరు తెచ్చుకున్న గ్రంథాలయం అది.

మరొక్క మాట. సర్వీసు ఉత్తర్వులు, మాఫీ ఉత్తర్వులు, పెన్షను మంజూరు కాగితాలు ఎక్కడ ఉన్నాయో మీ ఇంటి ఆడవారికి చెప్పి ఉంచండి. వాటి అవసరం మన తరువాత వారికే పడుతుంది.

అక్కయ్య గుడ్డసంచీ ఇప్పుడు నా దగ్గర ఉంది. పదకొండు ఉత్తరాలకూ వరుస నంబర్లు వేశాను. పైన అట్ట మీద ఎర్ర సిరాతో ఆర్.డిస్. అని రాశాను. ఈ ఒక్కసారి ఏ అధికారి సంతకం కోసమూ ఆగలేదు.